ముందు వారంటు చూడండి: కామారెడ్డి, ఎల్లారెడ్డి దారిలో కొన్ని రోజులు

కామారెడ్డి పేరు చెప్పగానే ఈ ప్రాంతం వాళ్లకు గాంధీ గంజ్, బెల్లం బజారు గుర్తొస్తాయి. 44వ నంబరు జాతీయ రహదారి, సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ వెళ్లే రైలు మార్గం ఈ ఊరిని పెంచాయి. 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ నుంచి విడివడి జిల్లా అయ్యాక కలెక్టరేట్ వచ్చింది. 2022 జూన్‌లో తెలంగాణలోని 33 జిల్లాలూ న్యాయ జిల్లాలయినప్పుడు జిల్లా కోర్టూ వచ్చింది. కోర్టు పెద్దదైతే దాని వెంట ఉండాల్సినవన్నీ పెరగాలి: లాయర్లు, ఎస్కార్టు పోలీసులు, ప్రొబేషన్ అధికారులు, జైలు. వీటిలో జనం కంటికి ఆననిది జైలు. నేను వెళ్లింది దాన్ని చూడ్డానికే. ఖైదీలకు ఉచిత న్యాయసహాయం చేసే పనిలో తలపండిన ఒక న్యాయవాది అనుమతులు తీసుకుని నన్ను వెంటబెట్టుకు వెళ్లారు. లోపల మాట్లాడినవాళ్ల పేర్లు, ఊళ్లు, కేసుల వివరాలు ఇక్కడ రాయడం లేదు. నేరం రుజువు కానివాళ్ల పేరు బజారున పెట్టే హక్కు నాకు లేదు.

కామారెడ్డి సబ్‌జైలు గేటు దగ్గర ఫోన్లు అప్పగించి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, పెద్ద తలుపులోని చిన్న గుమ్మంలోంచి తలవంచుకుని లోపలికి వెళ్లాం. ఒక్కసారిగా బయటి చప్పుడు తగ్గిపోయింది. లోపల పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. వంట చేసేది ఖైదీలే. మామూలుగా ముందు బ్యారక్‌లు చూడాలి కదా అని నేను అటు నడవబోతే లాయరుగారు ఆపారు. "గోడలు ఎక్కడికీ పోవు. ముందు వారంట్లు చూద్దాం" అన్నారు. జైలు అధికారిని అడిగి అడ్మిషన్ రిజిస్టర్, రిమాండ్ వారంట్లు, ఒక్కో ఖైదీ వివరాలుండే హిస్టరీ టికెట్ బల్ల మీద పెట్టించుకున్నారు. ఎప్పుడు వచ్చాడు, ఏ సెక్షన్, తర్వాతి వాయిదా ఎప్పుడు, లాయరున్నాడా, బెయిల్ పిటిషన్ వేశారా, బెయిల్ వచ్చిందా, వస్తే ఇంకా ఇక్కడెందుకున్నాడు? ఈ ప్రశ్నలకు జవాబులు ఒక తెల్లకాగితం మీద గళ్లు గీసి నింపుకుంటూ పోయారు. ఆ ప్రయాణంలో నేను నేర్చుకున్నదంతా ఆ కాగితం నుంచి మొదలైంది.

బయటివాళ్లు జైళ్లకు వెళ్లి చూడాలన్న ఆలోచన పాతదే. ఇంగ్లాండ్‌లో జాన్ హోవర్డ్ అనే ఆయన 1773లో బెడ్‌ఫర్డ్‌షైర్‌కు షెరీఫ్ అయ్యారు. జైలు చూడ్డానికి వెళితే, కోర్టు నిర్దోషులని వదిలేసినవాళ్లు కూడా జైలరుకు ఇవ్వాల్సిన రుసుము కట్టలేక లోపలే ఉండిపోవడం కనిపించింది. ఆ తర్వాత దేశమంతా తిరిగి, చూసింది చూసినట్టు 1777లో పుస్తకం వేశారు. మన దేశంలో జాతీయ పోలీసు కమిషన్ సభ్యుడు కె.ఎఫ్. రుస్తుంజీ బీహార్ జైళ్లు చూసి ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వ్యాసాలు రాశారు. వాటిని పట్టుకుని న్యాయవాది కపిల హింగోరానీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే 1979 నాటి హుసైనారా ఖాతూన్ కేసు. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగా మగ్గినవాళ్ల సంగతి అప్పుడు దేశానికి తెలిసింది. వేలమంది బయటికొచ్చారు. సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత జిల్లా జడ్జీలు జైళ్లకు వెళ్లి ఖైదీల మొర వినడం ఒక బాధ్యతగా స్థిరపడింది. హోవర్డ్, రుస్తుంజీల కళ్లు గోడల దగ్గర ఆగలేదు. మనిషి లోపల ఎందుకున్నాడని అడిగారు.

2022 జాతీయ గణాంకాల ప్రకారం మన జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా శిక్ష పడనివాళ్లు. సబ్‌జైలు సంగతి మరీను. అక్కడ ఉండేది దాదాపుగా రిమాండ్ ఖైదీలే. కాబట్టి సబ్‌జైలు అవసరాలేమిటని ఎవరైనా అడిగితే ఫ్యాన్లు, మరుగుదొడ్లు, మంచినీళ్ల ఫిల్టరు అని రాసే ముందు, ఇందులో ఇవాళ బయట ఉండాల్సినవాళ్లు ఎందరని రాయాలి.

ములాఖత్ వేళకు బయటికొచ్చాం. జాలీకి ఇవతల నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఒక తల్లి వేళ్ల మీద నా చూపు ఆగింది. చూపుడువేలు కొన మీద గీరుకుపోయిన గాట్లు, గోళ్ల సందున పొగాకు పొడి. కామారెడ్డి, నిజామాబాద్ ప్రాంతాల్లో ఆ చేతులు చూస్తే వృత్తి చెప్పనక్కర్లేదు. తునికాకు కత్తిరించి, తంబాకు వేసి, దారం చుట్టి వెయ్యి బీడీలు లెక్క తేలిస్తేనే కూలి. ములాఖత్‌కు వచ్చిన రోజు చాట పక్కన పెట్టాల్సిందే.

"బెయిలైతే అచ్చింది సారూ. జమానతు ఇచ్చేటోళ్లే దొరుకుత లేరు" అంది.

"ఎవరినీ అడగలేదా అవ్వా?"

"అడగకుంటనా? భూమి పాసుబుక్కు ఉన్నోళ్లే రావాల్నంట. మాకు భూమెక్కడిది? ఇంటాయన దుబాయిల ఉన్నడు. మా మరిదిని అడిగితె, రేపు నీ కొడుకు వాయిదకు రాకపోతె నా భూమి గుంజుకుంటరు గదా వదినే అన్నడు. ఆయన తప్పు గూడ లేదు సారూ."

జాలీ అవతల కొడుకు తలవంచుకుని నిలబడ్డాడు. ఆమె మాటల్లో కోపం లేదు. మరిది మీద కూడా లేదు. ఇరవై ఏళ్లు దాటిన కొడుకు, కోర్టు వదిలేయమన్నాక కూడా, పట్టాదారు పాసుబుక్కు ఉన్న బంధువు లేనందుకు లోపల ఉన్నాడు. జాన్ హోవర్డ్ చూసిన జైలరు రుసుముకూ దీనికీ మధ్య రెండున్నర శతాబ్దాలు గడిచాయి.

చట్టం ఈ తల్లిని మరిచిపోలేదు. బెయిలబుల్ నేరంలో అరెస్టయిన పేద మనిషి వారంలోగా జామీను ఇవ్వలేకపోతే అతన్ని నిరుపేదగానే భావించి సొంత పూచీకత్తు మీద వదలాలని 2005లోనే సవరణ చేశారు. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ మాట ఉంది. పెద్ద నేరాల సంగతి వేరు. వాటిలో బెయిల్ ఉత్తర్వు వచ్చినా బయటికి రాలేనివాళ్ల కోసం సుప్రీంకోర్టు 2023 జనవరి 31న మార్గదర్శకాలు ఇచ్చింది. బెయిల్ ఉత్తర్వు ప్రతిని కోర్టు అదే రోజుగానీ మర్నాడుగానీ జైలుకు ఈ-మెయిల్‌లో పంపాలి. 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెల దాటినా పూచీకత్తులు సమర్పించలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. స్థానిక జామీనే కావాలన్న షరతు పెట్టకుండా ఉండాలని కూడా సూచించింది. 2023లోనే కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. అప్పటి నిబంధనల ప్రకారం విచారణ ఖైదీ బెయిల్ మొత్తానికి 40,000 రూపాయల వరకు, శిక్ష పడినవాళ్ల జరిమానాకు 25,000 రూపాయల వరకు సాయం చేయవచ్చన్నారు.

ఆ తల్లికి వీటిలో ఒక్కటీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఆమెకు తెలియకపోయినా పని జరగాలనే కదా ఆ మార్గదర్శకాలు రాసింది! లాయరుగారు తన గళ్ల కాగితంలో ఆ కుర్రవాడి పేరు పక్కన బెయిల్ ఉత్తర్వు తేదీ రాసుకుని, కింద గీత గీశారు. షరతుల సడలింపు పిటిషన్ వేయాల్సినవాళ్ల పేర్ల కింద ఆయన గీసే గీత అది.

లోపల ఇంకో సంగతి తెలిసింది. ఈ నేలకే చెందిన సమస్య అది. నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో కల్తీ కల్లు బెడద ఏళ్లనాటిది. కల్లులో ఆల్ప్రజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. రోజూ తాగినవాళ్లకు అది ఒక్కసారిగా ఆగితే ఒళ్లు వణుకుతుంది, నిద్ర పట్టదు, మతి తప్పి మాట్లాడతారు, ఫిట్స్ కూడా రావచ్చు. 2015లో దాడులు జరిగి కల్తీ సరుకు ఆగినప్పుడు తెలంగాణ జిల్లాల్లో ఎంతోమంది ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. అలాంటి మనిషిని రిమాండుకు పంపితే మొదటి రెండు మూడు రాత్రులు ప్రాణాపాయం కూడా రావచ్చు. రాత్రి డ్యూటీలో ఉన్న వార్డరుకు అది పిచ్చిగానో, నటనగానో, మొండితనంగానో కనిపించే ప్రమాదం ఉంది. చాలా సబ్‌జైళ్లలో రాత్రిపూట డాక్టరు ఉండరు. కాబట్టి ఇక్కడి జైళ్ల అవసరాల జాబితాలో మొదటి పది అంశాల్లో ఇదుండాలి: ఖైదీ గేటు దాటగానే "రోజూ కల్లు తాగుతావా, ఎంత, ఆఖరిసారి ఎప్పుడు" అని అడిగి హిస్టరీ టికెట్‌లో రాయడం, ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ విభాగంతో ఫోన్ సంబంధం, వార్డర్లకు ఆ లక్షణాలు గుర్తించే శిక్షణ. వీటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

మర్నాడు ఎల్లారెడ్డి వెళ్లాం. తాడ్వాయి, లింగంపేట మీదుగా దారి. రోడ్డు మీద ఒకవైపంతా మక్కలు ఆరబోశారు. లింగంపేట దగ్గర పడుతుంటే అడవి చిక్కబడుతుంది. ఆ ఊళ్లోనే పాత మెట్ల బావి ఉంది, నాగన్న బావి అంటారు. ఎల్లారెడ్డి చుట్టూ నీళ్ల కథలే. ఒకవైపు పోచారం చెరువు, ఇంకోవైపు మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్. వాటి ఆయకట్టులో పసుపుపచ్చగా పండిన వరి, ఆయకట్టుకు అందని మెట్టల మీద తండాలు. కోర్టు మెట్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఆ తండాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా కనిపించారు. అన్నం మూట, నీళ్ల సీసా, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాయితాలు.

ఎల్లారెడ్డి లాంటి ఊళ్లో రిమాండ్ పడితే ఆ మనిషిని ఎక్కడ ఉంచుతారన్నది కుటుంబానికి చాలా పెద్ద ప్రశ్న. ఖైదీల సంఖ్య తగ్గిందని తెలంగాణ జైళ్ల శాఖ గతంలో కొన్ని సబ్‌జైళ్లు మూసేసింది. నిర్వహణ ఖర్చు చూస్తే ఆ లెక్క అర్థమవుతుంది. కానీ దూరానికి అయ్యే ఖర్చు ఆ లెక్కలో లేదు. అది కట్టేది తండా నుంచి వచ్చే భార్య. రెండు బస్సులు మారాలి, కూలి పోతుంది, చంటిపిల్లను ఎత్తుకుని రావాలి. అలా ఒక నెల రాగలిగిన మనిషి రెండో నెల రాదు. లాయరు కూడా అంతే, ఫోన్ మీద సరిపెడతాడు. ఆడవాళ్లకు ఈ కష్టం ఇంకా ఎక్కువ. చాలా సబ్‌జైళ్లలో మహిళలకు వేరే బ్యారక్ ఉండదు. అరెస్టయిన ఆడమనిషిని దూరపు జైలుకే పంపాలి. వీడియోలో వాయిదాకు హాజరు పరచడం వల్ల ఎస్కార్టు ఇబ్బందులు తగ్గాయి, నిజమే. అయితే కోర్టు వరండాలో ఆ రెండు నిమిషాలు తన మనిషిని దగ్గరగా చూసుకునే అవకాశం కూడా దాంతో పోయింది. చిన్న జైలుకు ఉన్న ఒకే ఒక్క గొప్పతనం ఇంటికి దగ్గరగా ఉండటం. దాన్ని పోగొట్టుకుంటే తిరిగి తెచ్చేది ఏదీ లేదు.

కోర్టు ఆవరణలో ఒక తండ్రి తన కొడుకు ఆధార్ కార్డు చూపించాడు. పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. ఈ ప్రాంతంలో చాలామంది జనవరి ఒకటినే పుడతారు, కార్డుల్లో. పుట్టినప్పుడు ఎవరూ రాసుకోలేదు, నమోదు చేసేవాడు ఒక సంవత్సరం అనుకుని మొదటి తేదీ వేశాడు. ఆ ఏడాది అటూ ఇటూ అయితే పదిహేడేళ్ల పిల్లవాడు పెద్దవాళ్ల జైలుకు వెళ్తాడు. 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ వయసు తేల్చే పద్ధతి స్పష్టంగా చెప్పింది. ముందు బడి సర్టిఫికెట్ లేదా మెట్రిక్ సర్టిఫికెట్. అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అవేవీ లేనప్పుడే వైద్య పరీక్ష. ఆధార్ కార్డు వయసుకు రుజువు కాదని 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో తేల్చిచెప్పింది. ఆ తండ్రి దగ్గర బడి కాయితం ఉంది. ఊళ్లో ట్రంకు పెట్టెలో ఉంది. "అది తెమ్మని ఎవలు చెప్పలే" అన్నాడు. లాయరుగారు ఆయన్ను అక్కడికక్కడే ఊరికి పంపించారు.

పిల్లల సంగతి కోసమే మూడో మజిలీ నిజామాబాద్. కామారెడ్డికి దాదాపు 55 కిలోమీటర్లు. చట్టంతో పేచీ పడ్డ మగపిల్లలను విచారణ కాలంలో ఉంచే అబ్జర్వేషన్ హోం అక్కడుంది. జనం వాడుకలో అది జువైనల్ హోం. దాన్ని పిల్లల జైలు అనడం చట్టం ప్రకారం తప్పు, మనసు ప్రకారమూ తప్పే. పిల్లవాడిని లాకప్‌లోగానీ జైల్లోగానీ పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, అతనితో మాట్లాడే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. విచారించేది కోర్టు కాదు, జువైనల్ జస్టిస్ బోర్డు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. చిన్న నేరమైతే నాలుగు నెలల్లో విచారణ ముగియాలి, ప్రత్యేక కారణంతో ఇంకో రెండు నెలలు పొడిగించవచ్చు. అప్పటికీ తేలకపోతే కేసే మూసేయాలి. 1986లో షీలా బర్సే వేసిన కేసులోనే జిల్లా జడ్జీలు జైళ్లకు వెళ్లి పిల్లలెవరైనా ఉన్నారేమో చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ప్రతి తనిఖీలో అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో అదొకటి.

ఒక పిల్లవాడు నా దగ్గరికొచ్చి అడిగిన మాట ఇది: "సార్, టెన్త్ పరీక్ష రాయనిస్తరా?" తిండి గురించీ పడక గురించీ మేం అడిగినవాటికి అతను బాగానే ఉందని క్లుప్తంగా చెప్పాడు. హాల్‌టికెట్ సంగతి మాత్రం వదల్లేదు. బడిలో తన పేరు కొట్టేశారా, హాజరు తక్కువైందని రానివ్వరా, రాసేటప్పుడు పక్కన పోలీసు నిలబడతాడా. చట్టం ఈ పిల్లవాడి వైపే ఉంది. విచారణలో ఉన్నా చదువు ఆగకూడదు. తర్వాత ఉద్యోగానికి ఈ కేసు అడ్డు రాకూడదని 24వ సెక్షన్ చెబుతుంది, పదహారేళ్లు దాటి ఘోరమైన నేరంలో పెద్దవాడిగా విచారణ ఎదుర్కొన్న సందర్భంలో తప్ప. పేరు, బడి, ఫొటో బయటపెట్టడం 74వ సెక్షన్ ప్రకారం నేరం. కానీ పరీక్ష రాయించేది సెక్షన్ కాదు. బడి హెడ్‌మాస్టరుకు ఫోన్ చేసే ఒక మనిషి కావాలి. జిల్లా విద్యాశాఖకూ పిల్లల సంరక్షణ విభాగానికీ మధ్య నడిచే ఒక మనిషి కావాలి. నేను చూసినంతలో పిల్లల విషయంలో అన్నిటికంటే పెద్ద అవసరం ఆ మనిషే. ఆ తర్వాత కౌన్సిలర్, చేతిపని నేర్పేవాళ్లు, తల్లి రావడానికి బస్సు చార్జీ.

నిజామాబాద్ ఖిల్లా గుట్టకు కూడా వెళ్లాం. నిజాం కాలంలో అది జైలు. 1948లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఖైదీలు. దాశరథి బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. ఆళ్వారుస్వామి తనతో ఉన్న మామూలు ఖైదీలను, దొంగలను, హంతకులను దగ్గరగా చూసి, "జైలు లోపల" కథల్లో వాళ్లను మనుషులుగా నిలబెట్టారు. రాజకీయ ఖైదీగా వెళ్లి, పక్కనున్న పేరులేని ఖైదీ కథ రాయడం ఆయన పెద్దమనసు. జైలు చూసి వచ్చి రాయడానికి తెలుగులో అంతకంటే మంచి దారి వేసినవాళ్లు లేరు.

ఈ ప్రయాణం తర్వాత నాకు గట్టిగా అనిపిస్తున్నవి చెబుతాను. జైలు సందర్శన అంటే జడ్జీగారో అధికారులో వచ్చారు, సదుపాయాలపై ఆరా తీశారు అని మర్నాడు పత్రికలో ఒక ఫొటో వస్తుంది. మంచిదే. దానికి రెండో భాగం ఉండాలి. సందర్శన రోజున బెయిలొచ్చినా విడుదల కానివాళ్లు ఎందరు, లాయరు లేనివాళ్లు ఎందరు, వయసు అనుమానం ఉన్నవాళ్లు ఎందరు అని పేర్లు లేకుండా అంకెలు ప్రకటించాలి. పదిహేను రోజుల తర్వాత వాళ్లలో ఎందరు బయటికొచ్చారో చెప్పాలి. కొత్త సంహిత 479వ సెక్షన్ ప్రకారం ఇంతకుముందు శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే, ఇతరులు సగం గడిపితే విడుదలకు అర్హులు. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలకు, ఒకటి కంటే ఎక్కువ కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. ఆ గడువు వచ్చినప్పుడు కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. సంహిత అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు కేసులకూ ఇది వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గడువు తేదీని ప్రతి హిస్టరీ టికెట్ పైన ఎర్ర సిరాతో రాసిపెడితే చాలు, చూసినవాళ్లందరికీ అర్థమవుతుంది.

ఊళ్లవాళ్లు చేయాల్సిందీ ఉంది. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పనిలేకుండా, ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. ఫోన్ నంబరు 15100. మన వీధిలో ఒక కుర్రవాడు అరెస్టయితే ఆ ఇంటికి వెళ్లి ఈ నంబరు చెప్పండి. బడి సర్టిఫికెట్ వెతికించండి. వాయిదా తేదీ గోడ మీద రాసిపెట్టమనండి. వాడు మన ఎదుట పెరిగినవాడైతే, వాయిదాకు వస్తాడన్న నమ్మకం ఉంటే, పాసుబుక్కు పట్టుకుని కోర్టుకు వెళ్లండి. జామీను ఇవ్వడం అంటే నేరాన్ని వెనకేసుకురావడం కాదు. ఈ మనిషి మా ఊరివాడు, విచారణకు మేం పంపిస్తాం అని ఊరు తరఫున కోర్టుకు ఇచ్చే మాట అది. ఒక్కో ఊళ్లో అలా మాట ఇవ్వగలిగినవాళ్లు ఇద్దరు దొరికితే కామారెడ్డి సబ్‌జైలుకు కొత్త బ్యారక్ అవసరం ఎన్నేళ్లయినా రాదు.